బొమ్మ చేపకు బంగారు కొక్కెం

మేడూరు రాజు వీరభూపతికి ఒకసారి చేపలు పట్టాలన్న సరదా పుట్టింది. ఓడ వర్తకుడొకడు చెక్కతో చేసిన బొమ్మ చేపను కానుకగా ఇచ్చాడు మరి. దాని పొట్టకింద గాలపు ముల్లు ఉంది. నీళ్లలో లాగితే అది నిజం చేపలా ఈదుతుందట, మింగబోయిన పెద్ద చేప చిక్కుతుందట.

రాజు వారం రోజులు చెరువులో లాగాడు. ఒక్క చేపా అటు తొంగి చూడలేదు.

ఆ వారమంతా తాంబూలం పెట్టె పట్టుకుని రాజు పక్కన నిలబడ్డవాడు సింగన్న. ఆకులు చుట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. అందులో సగం పని నోరు మూసుకుని ఉండడమే. ఆ సగమే అతనికి ఏనాడూ చేతకాలేదు.

"దారానికీ బొమ్మకీ మధ్య తగిలించిన ఆ కొక్కెం బాగాలేదు ప్రభూ! నేను పుట్టిందే చెరువుగట్టున," అనేశాడు.

పుట్టిన మాట నిజమే. ఆ తర్వాత అతను పట్టిన చేపలు మాత్రం సున్నా. ఒకసారి ఓ చేపే అతని వేలు పట్టింది.

ఆ కొక్కెం చేయించింది నగల అధికారి భూషణాచార్యులు. బొటనవేలంత బంగారు కొక్కెం, దానికి ఏడు లంకెల గొలుసు, పైన కెంపు. ఆయనకు ఒళ్లు మండింది.

"అయితే రేపు వీణ్ణే మంచిది తెమ్మనండి ప్రభూ. తేలేకపోతే ఆ పెట్టె మా బావమరిదికి ఇప్పించండి."

రాజు సరేనన్నాడు.

సింగన్న ఇంటికొచ్చి కూలబడ్డాడు. పదేళ్ల ఉద్యోగం నోటిదూలకి పోయేలా ఉంది. మళ్లీ వల పట్టాలంటే ఆ చెరువులో చేపలే నవ్వుతాయి.

సంగతి విని భార్య నూకాలు తల కొట్టుకుంది. ఆమె తండ్రి గాలం వేసి బతికినవాడు.

"అంత పిసరు బొమ్మకి అంత బరువు కడితే మూతి కిందకేసి మునగదా? ఎలా ఈదుద్దయ్యా?"

ఓ గట్టి దారం తెచ్చి, మొగుడి కాలి బొటనవేలికి వదులుగా ఉచ్చు వేసి చూపించింది.

"బిగించి కట్టమాకు. ఉచ్చు వదులుగా ఉంటేనే బొమ్మ తల అటూ ఇటూ ఆడిద్ది. కొక్కెమూ వద్దు, గొలుసూ వద్దు."

"ఇంతేనా?"

"మన పెళ్లిలోనే మా నాన్న నీకు చెప్పాడు. నువ్వప్పుడు అరిసెలు తింటున్నావు."

సింగన్న ఆ వేలిమీదే పదిసార్లు కట్టి నేర్చుకున్నాడు.

మర్నాడు చెరువుగట్టున అతను బొమ్మకి ఉత్త దారం కట్టగానే ఆచార్యులు పకపకా నవ్వాడు.

"రాజుగారి గాలానికి నూలు ముడా! చూసినవాళ్లు ఖజానా ఖాళీ అయిందనుకోరూ?"

రాజు ముఖం చిట్లించాడు. ముడి విప్పమనేలా ఉన్నాడు. సింగన్న దిక్కుతోచక ఆచార్యుల వైపు చూశాడు. ఆయన చేతులకి కంకణాలు, మెడలో నాలుగు పేటల గొలుసు, నడుముకి బంగారు మొలతాడు.

"ప్రభూ, కుర్రతనంలో ఈ చెరువు ఈదానని ఆచార్యులవారు రోజూ చెబుతారు కదా! ఒక్కసారి ఇలాగే, నగలతోనే ఈది చూపించమనండి. వారు ఈదితే ఈ పెట్టె ఇక్కడే వదిలేసి పోతాను."

ఆచార్యులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మతిపోయిందటయ్యా నీకు? ఇంత బంగారంతో దిగితే ఈదేదెలా? తిన్నగా అడుక్కి పోతాను!"

సింగన్న రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఆ బొమ్మ చేప వారం రోజులుగా అదే మొత్తుకుంటోంది ప్రభూ!"

రాజు ఫక్కున నవ్వి, దారం ముడితోనే గాలం విసిరాడు. బొమ్మ తలాడిస్తూ, తోకాడిస్తూ ఈదుకొచ్చింది. నాలుగు బారలు రాకముందే చెయ్యంత కొరమీను దాన్ని పట్టేసింది.

"పెట్టె నీదే! ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"ఆ బంగారు కొక్కెం మా ఆవిడకి ఇప్పించండి ప్రభూ. ముడి ఆవిడది. నాది నోరొక్కటే."

"ఓహో! అయితే ఆ తాంబూలం పెట్టె కూడా ఆవిడకే ఇస్తే పోలా?"

పదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి సింగన్న నోరు మూసుకున్నాడు. గట్టుమీద ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూనే కొక్కెం తీసి అతని చేతిలో పెట్టాడు.