ఎలుగుబంటికి బహుపరాక్

వెదురుకోట రాజుగారికి ఆ ఏడు ఎండలు భరించడం కష్టమైంది. కొండ మీది అడవిలో విడిది చేసి, కొన్నాళ్లు హాయిగా గడపాలని ముచ్చటపడ్డారు. ముచ్చట ఆయనది, మోత జనానిది. డేరాలు, పరుపులు, వంటసామాను, చివరికి పల్లకీతో సహా అన్నీ కొండెక్కాయి.

రాజుగారు ఎక్కడికి కదిలినా వందిమాగధులు ముందు నడుస్తూ, డప్పుల మోతతో ఆయన బిరుదులన్నీ గొంతు చించుకుని చదవాలి. అది వెదురుకోట ఆచారం. ఆ రాజ్యంలో రాజుకి తప్ప ఇంకెవరికీ బిరుదులు చదవకూడదు, అదీ ఆచారమే. విశ్రాంతికి వచ్చాక ఈ గోలేమిటని రాజుగారు వాళ్ల నోళ్లు మూయించారు. అక్కడే వచ్చింది తంటా.

మర్నాడే ఒక ఎలుగుబంటి పనసపండు వాసన పట్టి వంటడేరా వెనక్కి వచ్చింది. తొనలన్నీ తినేసి తన దారిన తాను పోయింది. రాజుగారు మాత్రం పల్లకీలో దూరి తలుపు వేసుకున్నారు. పల్లకీని డేరాలో పెట్టించారు. భోజనం, ఫలహారం, నిద్ర అన్నీ అందులోనే. ఎవరైనా అడిగితే ప్రభువులు ఆలోచనలో ఉన్నారని చెప్పాలి. రాజుకి భయం వేసిందని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మహారాణి మాణిక్యాంబ ఓపిక పట్టింది, పట్టింది, ఇక పట్టలేకపోయింది. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఆ కొండమీది జలపాతం చూపిస్తానని ఊరిస్తున్నారు. తీరా ఇంత దూరం వచ్చి పల్లకీ చూస్తూ కూర్చోవలసి వచ్చింది. రేపు పొద్దున్న మీరైనా తీసుకెళ్లండి, లేకపోతే మా తమ్ముడితో వెళ్తానని తెగేసి చెప్పింది.

ఆ తమ్ముడు రణభూషణుడు. ఒట్టి చేతులతో ఎలుగుబంటిని చంపానని కనిపించిన వాడికల్లా చెప్పే మనిషి. చెప్పిన ప్రతిసారీ ఆ ఎలుగు ఇంకాస్త పెరుగుతుంది. బావగారు తీరిగ్గా ఆలోచించుకోనీ అక్కయ్యా, నేనున్నానుగా అని పల్లకీకి వినపడేలా అన్నాడు. ఆవిడ గనక వాడితో వెళ్లిందంటే, బతికినన్నాళ్లూ ప్రతి విందులోనూ ఆ కథ వినాలి. రాజుగారికి అది ఎలుగుబంటి కంటే పెద్ద భయం.

వెంటనే బొల్లయ్యని పిలిపించారు. బొల్లయ్య రాజుగారికి తాంబూలం అందించే నౌకరు. ఈ అడవి విడిది సలహా ఇచ్చింది తనే, పాపం.

"ఒరే బొల్లయ్యా, రేపు నేను పరువుగా జలపాతం చేరాలి. చేరకపోయానో, నీ కొలువు ఊడినట్టే," అన్నారు రాజుగారు పల్లకీ సందులోంచి.

బొల్లయ్యది తాతల నాటి కొలువు. తమలపాకులకి ఈనెలు తీసి చిలకలు చుట్టడం తప్ప అతనికి ఇంకో పని రాదు. ఇంటికెళ్లి పెళ్లాంతో ఏం చెప్పాలి? సాయంత్రం దాకా ఆకులు చుడుతూనే ఆలోచించాడు.

తెల్లవారింది. అందరూ చేరారు. బొల్లయ్య తాంబూలం పళ్లెంతో పల్లకీ ముందు నిలబడి, తప్పు ఎలుగుబంటిది కాదు ప్రభూ, మనదేనన్నాడు.

పల్లకీ తలుపు కాస్త తెరుచుకుంది. "అదెలాగరా?"

"ఈ అడవి ఏలినవారిది. ఇందులో జంతువులూ ఏలినవారి ప్రజలే. బిరుదులు చదివించకుండా వచ్చేశాం. వచ్చింది రాజుగారో, బెల్లం వర్తకుడో దానికెలా తెలుస్తుంది?"

సభ తలూపింది. బొల్లయ్య తాంబూలం అందించే నెపంతో లోపలికి వంగి, ఆ మోతకి కోటలో కుక్కలూ పిల్లులే నిలబడవని, ఏలినవారి తల్లిగారు కూడా పెరట్లోకి పోతారని, ఇక ఎలుగెంతని మెల్లిగా చెప్పాడు. రాజుగారు తాంబూలం అందుకుని బుగ్గన పెట్టుకున్నారు. ఆ తర్వాత దర్జాగా బయట కాలు పెట్టారు.

రణభూషణుడు పకపకా నవ్వాడు. ఇలాంటి హంగులు పిరికివాళ్లకి కావాలట. తనైతే కత్తి కూడా లేకుండా, చప్పుడు చెయ్యకుండా వెళ్తాడట.

బొల్లయ్య చేతులు కట్టుకున్నాడు.

"దొరగారి మాట దొరగారిదే. మేం వెళ్లి మోత పూర్తిగా అణిగాక, మీరొక్కరే తీరిగ్గా రండి. అక్కయ్యగారు అక్కడ ఎదురుచూస్తుంటారు."

అక్కయ్య మురిసిపోతూ తమ్ముడి వైపు చూసింది. పాపం, రణభూషణుడికి వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

డప్పులు మోగాయి. "రాజమార్తాండ! గండరగండ! అరివీరభయంకర! బహుపరాక్!" అంటూ వందిమాగధులు ఇన్నాళ్ల కరువూ తీర్చుకున్నారు. కొమ్మల మీది కోతులు కూడా పక్క కొండకి వెళ్లిపోయాయి. దారి పొడుగునా ఒక్క ప్రాణి అడ్డం రాలేదు. జలపాతం దగ్గర మాణిక్యాంబ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. రాజుగారు పంచె ఎగగట్టి నీళ్లలో దిగి, నా ప్రజలు ఎంత మర్యాదస్తులో చూశావా దేవీ అన్నారు.

అంతలో బొల్లయ్య చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. వెనక దారిలో ఎవరిదో గొంతు, బాగా బొంగురుపోయింది.

"గండరమార్తాండ! రాజగండ! మా బావగారు వస్తున్నారు! అరివీర... ఇదిగో వచ్చేశారు! బహుపరాక్! బహుపరాక్!"

పొదలు చీల్చుకుంటూ రణభూషణుడు వచ్చిపడ్డాడు. తలపాగా లేదు, ఒక కాలికి చెప్పు లేదు. రెండు చేతుల్లో రెండు రాళ్లు, వాటిని టకటకా కొట్టడం మాత్రం ఆపలేదు. అందరినీ చూశాక రాళ్లు జారవిడిచి, ఏదో బావగారి మీద అభిమానం పొంగిందని గొణిగాడు.

రాజుగారు బొల్లయ్య వైపు తిరిగారు. "నిజమేనంటావా?"

"నిజమే ప్రభూ. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఏలినవారిని ఇంత గట్టిగా తలుచుకునేవారు రాజ్యంలో ఇంకొకరు లేరు."

ముందు మాణిక్యాంబే నవ్వింది. ఆ తర్వాత రాజుగారు నీళ్లలోనే కూలబడి, కళ్లనీళ్లు కారేలా నవ్వారు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి బొల్లయ్య మెడలో వేసి, నీ కొలువుకే కాదు, నీ మనవల కొలువుకీ ఢోకా లేదుపోరా అన్నారు.