వట్టివేరు దాచిన వాసన

ఒకప్పుడు లోకంలో వాసనలన్నీ గాలివే. గాలి తన మూట విప్పి ఒక్కో పువ్వుకు కాస్త ఇచ్చేది, సాయంత్రానికల్లా తిరిగి లాక్కునేది. ఆకులకు, వేళ్లకు అదీ లేదు. గాలికి అంత గర్వం మరి.

ఆ రోజుల్లో ఏటిగట్టు మీద పాకలో పైడమ్మ ఉండేది. ఆమెకు ఒక చంటిపిల్ల, పేరు సింగారి. ఆ ఏడు రోహిణి ఎండలకు ఏటి ఇసుకలో పేలాలు వేగేలా ఉంది. పిల్లకు నిద్ర పట్టడం లేదు. ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక, చివరికి పాలు తాగడం మానేసింది. పైడమ్మ గాలికి మొక్కింది.

"గాలయ్యా, నా పిల్లకు కునుకు పట్టేదాకా మంచి వాసన ఒకటి ఇక్కడ ఉంచు" అని వేడుకుంది.

గాలి వచ్చింది. పాకంతా ఘుమఘుమలాడింది. పిల్ల రెప్పలు వాలాయి. అంతలోనే గాలి వెళ్లిపోయింది, వాసనా దాని వెంటే పోయింది. పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"కాసేపు ఆగరాదా?" అంది పైడమ్మ.

"ఆగితే నేను గాలినెలా అవుతానమ్మా?" అంది గాలి. అదీ నిజమే, పాపం.

పైడమ్మ గట్టు మీద కూలబడింది. పక్కనే ఒక గడ్డిదుబ్బు ఉంది. మేకలు కూడా మూతి పెట్టని మొరటు గడ్డి.

"నేను దాచిపెడతానమ్మా" అంది ఆ గడ్డి. "వరదలో గట్టు కొట్టుకుపోకుండా పట్టుకునేదాన్ని, ఒక్క వాసనను పట్టుకోలేనా?"

"గాలయ్య నిన్ను ఊరికే వదుల్తాడా?"

"పైన ఉంచితే కదా తెలిసేది! నా పువ్వుకొద్దు, నా ఆకుకొద్దు. నన్నెవరూ మెచ్చుకోకపోయినా ఫరవాలేదు. నీ పిల్ల నిద్రపోతే చాలు."

గాలి మళ్లీ అటు వచ్చినప్పుడు గడ్డి దాని మూటలోంచి ఒక వాసనను పట్టేసింది. అది ఎగిరిపోకుండా తనలోని నూనెలో ముంచింది. బొట్లు బొట్లుగా చేసి వేళ్లలోకి దింపేసింది. గాలి మండిపడింది. గడ్డిని వంచింది, విదిలించింది, ఈడ్చింది. ఈడ్చినకొద్దీ వేళ్లు ఇంకా లోతుకు పోయాయి. ఆ చీకట్లోకి గాలి వెళ్లలేకపోయింది.

గడ్డి చెప్పినట్టే పైడమ్మ కొన్ని వేళ్లు తవ్వి తెచ్చి, తడిక అల్లి గుమ్మానికి కట్టింది. వాసన రాలేదు. ఇక దారి లేదనుకుని తడికకు మొహం ఆనించి ఏడ్చింది. ఎండిన వేళ్లకు ఆమె కన్నీళ్లు తగిలాయి.

అప్పుడు తడిసిన వేళ్లలోంచి వాసన మెల్లగా లేచింది. తొలివాన పడిన మట్టి వాసనలా ఉంది, దానికంటే చల్లగా ఉంది. పైడమ్మ ఏడుపు మరిచిపోయి కుండెడు నీళ్లు తెచ్చి తడికంతా చల్లింది. వాసన పాకంతా నిండి అక్కడే నిలిచింది. అంత అల్లరి కాకి కూడా చూరు మీద నోరు మూసుకుని కూర్చుంది. ఆ మొరటు గడ్డి వేళ్లలో ఇంత ఉందా అని చెట్టూ పుట్టా నివ్వెరపోయాయి. సింగారి కడుపునిండా పాలు తాగి, అమ్మ ఒళ్లో నిద్రపోయింది.

తన వాసనను గాలి పోల్చుకోదా? లాక్కుపోదామని రయ్యిన వచ్చి తడికలో దూరింది. నిద్రపోతున్న పిల్లను చూసింది. ఇక చెయ్యి రాలేదు. తాను పుట్టాక మొదటిసారి గాలి నెమ్మదిగా నడిచింది.

అప్పటినుంచే తులసి, మరువం, నిమ్మగడ్డి కూడా తమ వాసనను నూనెబొట్లలో దాచుకోవడం నేర్చుకున్నాయి. వట్టివేరు మాత్రం ఇప్పటికీ వేళ్లలోనే దాచుకుంటుంది, నీళ్లు చల్లితేనే ఇస్తుంది. ఎంతటి వడగాలైనా తడిసిన వట్టివేళ్ల తడికలోంచి వచ్చేటప్పుడు చల్లబడి, మెత్తగా అడుగు వేస్తుంది, లోపల పిల్లెవరైనా నిద్రపోతోందేమోనని.