దాలమ్మ పెట్టిన బొట్టు

ఊఁ కొట్టేవాళ్లు ముందుకు రండి, ఆవులించేవాళ్లు వెనక్కి జరగండి! చదువుల తల్లికి ఒక్కసారి చేతులు జోడించండి. జోడించారా? ఆ పాపాయి చేతులు కూడా కలపమ్మా. హా! ఇక వినండి.

అనగనగా ఒక ఏరు. ఏటికి ఒక ఊరు. ఊరికి ఒక పొత్తాలిల్లు.

ఏరు పేరు సన్నేరు. ఊరు పేరు కలువలపూడి. ఎప్పటి మాటంటారా? కాగితం అనేది మన వైపు ఇంకా రాని రోజుల మాట. పొత్తమంటే తాటాకు పొత్తమే. ఆకుల మీద గంటంతో గీసి, మసి పూసి, పైన ఒక చెక్క, కింద ఒక చెక్క పెట్టి, తాడు బిగించినదే.

కలువలపూడి పొత్తాలింటికి తలుపుంది, గడియ లేదు. ఎవరైనా రావచ్చు, ఏదైనా చదివించుకుని వినొచ్చు. దాన్ని చూసుకునేవాడు జగ్గప్ప పంతులు. కోపిష్టి. కానీ పొత్తం చేతిలో ఉంటే పసిబిడ్డని ఎత్తుకున్నట్టే ఎత్తుకునేవాడు.

కొత్త పొత్తం గుమ్మం ఎక్కితే పంతులు మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఇది మన దగ్గర ఉందా? మనూరికి అక్కరకొస్తుందా? ఆకు గట్టిదేనా? మూడింటికీ సరైన జవాబు దొరికితే అర ఎక్కేది. వానలు వెనకబట్టాక పొత్తాలన్నిటినీ ఎండకి పరిచేవాళ్లు. నిమ్మగడ్డి నూనె రాసేవాళ్లు. అరల్లో వసకొమ్ములు, వేపాకు పెట్టేవాళ్లు. పురుగు పట్టకూడదు కదా!

మరి అరలు నిండిపోతే? ఆఁ, అదీ అడగాల్సింది! ఇల్లు కట్టించిన పెద్దాయన చెప్పి పోయాడు: చేయి చాపితే అందేంత వరకే అరలు, పైన ఒక్కటి కూడా కట్టొద్దని. కొత్తది రావాలంటే పాతది కదలాలి. ఏది కదలాలి?

అక్కడుంది చూడండి కలువలపూడి ఆచారం! ఎవరైనా ఒక పొత్తం చదివితే, చదవడం అయ్యాక దాని పైచెక్క మీద కుంకుమ బొట్టు పెట్టేవాళ్లు. ఏడాది తిరిగి మాఘ పున్నమి వస్తే పంతులు అరలన్నీ చూసేవాడు. బొట్టున్నది ఉంటుంది. బొట్టు లేనిది, అంటే ఏడాది పొడుగునా ఎవరూ ముట్టనిది, పసుపు నీళ్లు చల్లించుకుని సన్నేట్లోకి వెళ్లిపోతుంది. ఆపైన మిగిలిన పొత్తాల పాత బొట్లు తుడిచేవాళ్లు. మళ్లీ కొత్త ఏడాది, మళ్లీ కొత్త బొట్టు.

ఇప్పుడొస్తోంది మన దాలమ్మ!

దాలమ్మ ఆ ఇల్లు ఊడ్చేది. అరలు తుడిచేది. ఎండకి పొత్తాలు మోసేది. ఒక్క అక్షరం రాదు. చిన్నప్పుడే మొగుడు పోయాడు. నుదురు బోసి. పొద్దున్నే పనికి వస్తుంటే జనం వాకిట్లోంచి లోపలికి తప్పుకునేవాళ్లు. ఎదురొస్తే మంచిది కాదని. అయ్యో అనకండి, ఆ రోజులు అలాంటివి. ఈ రోజులు మాత్రం ఏపాటివో మీ గుండెల మీద చేయి వేసుకుని చూసుకోండి.

ఒక శుక్రవారం అర తుడుస్తూ దాలమ్మ ఆగిపోయింది. ఒక పొత్తానికి బొట్టు లేదు. పక్కదానికీ లేదు. మూల ఉన్నదానికీ లేదు.

"ఏటే తల్లీ, నువ్వూ నాలాగేనా?" అంది.

కుంకుమ భరిణె అక్కడే ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. వేలు ముంచింది.

"బోడి మొకం ఒద్దు తల్లీ. ఇదిగో బొట్టు."

ఒకదానికి పెట్టింది. రెండోదానికి పెట్టింది. మూడోదానికి పెట్టింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అదే పని! బోసిగా ఏది కనిపిస్తే దానికి. "బోడి మొకం ఒద్దు తల్లీ. ఇదిగో బొట్టు."

మాఘ పున్నమి వచ్చింది. పంతులు అరలు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. బొట్టు లేని పొత్తం ఒక్కటి లేదు! ఎగిరి గంతేశాడు.

"ఊరు ఊరంతా చదివేసిందిరా! జ్యోతిషం చదివింది, వైద్యం చదివింది, ఆఖరికి ఎప్పుడో పోయిన ఆ రాజు వీరభూపతి పొగడ్తలు కూడా చదివేసింది!" అంటూ వీధిలోకి పరిగెత్తి కనబడ్డవాళ్లందరికీ బెల్లం పంచాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు. నువ్వు చదివావా? నేను చదవలేదే. నువ్వు? అయినా బెల్లం కదా, తినేశారు!

రెండో ఏడూ అంతే, బెల్లం. మూడో ఏడూ అంతే, బెల్లం.

కానీ కొత్త పొత్తాలు ఎక్కడ పెట్టాలి? అరల్లో వేలు దూరే సందు లేదు. వచ్చినవి నేల మీద, చెక్కపలక వేసి పెట్టారు. వాటిలో ఒకటి జోలపాటల పొత్తం. కొండ దిగువ ఊళ్లలో ముసలమ్మలు పాడుతుంటే ఎవరో పుణ్యాత్ముడు విని రాసినది. రాసినాయన పోయాడు, పాడిన ముసలమ్మలూ పోయారు. లోకంలో అదొక్కటే ప్రతి.

ఆ ఏడు వాన పట్టిందంటే పట్టింది. వెలిశాక దాలమ్మ పలక ఎత్తింది. కింద మట్టి. మట్టిలో చెద. జోలపాటలు ఎత్తబోతే పైచెక్క ఒక్కటే చేతికి వచ్చింది.

పంతులు నేల మీద కూలబడ్డాడు. "అరలో ఉంటే బతికేది. ఒక్క అర ఖాళీ ఉంటే బతికేది," అన్నాడు.

దాలమ్మ ఆ పైచెక్కని గుండెకి హత్తుకుంది. "బాబూ... అరలు నిండిపోనాయంటే అది నా వల్లే."

"నీ వల్లేమిటే?"

"బొట్టు నేని పొత్తాలకి నానే బొట్టు ఎట్టినాను. మూడేళ్ల నుంచి. ఏట్లోకి పంపేత్తారని తెలుసు. మొకం బోసిగా ఉంటే సూడనేకపోనాను బాబూ."

అమ్మల్లారా, పంతులు మొహం ఆ కుంకుమ కన్నా ఎర్రబడింది! ఊరి పెద్ద పెదనాయుడు వచ్చాడు, జనం వచ్చారు. ఏది నిజంగా చదివినదో, ఏది దాలమ్మ బొట్టో ఎలా తెలుస్తుంది? కుంకుమ కుంకుమే కదా!

"బొట్టు లేనిది బొట్టు పెడితే ఇలాగే ఉంటుంది," అన్నాడు పెదనాయుడు.

దాలమ్మ తల దించుకుంది. పంతులు ఆమె చేతుల వంక చూశాడు. వేళ్ల నిండా చెదమట్టి. ఆ పైచెక్కని ఇంకా గుండెకి హత్తుకునే ఉంది. ఎందుకో మరి, నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాడు.

చివరికి ఇలా తేల్చారు. చదివేవాళ్లందరూ వచ్చి తాము చదివిన పొత్తాలు చూపించాలి. ఎవరూ చూపించనివి ఈ పున్నమికి ఏట్లోకి. చదివేవాళ్లు వచ్చారు, చూపించారు. బుట్టెడు పొత్తాలు మిగిలాయి. వాటికి దాలమ్మ తప్ప దిక్కులేదు.

"ఈటిని ఒకపాలి ఊరు తిప్పుదాం బాబూ," అంది దాలమ్మ. "పొలానికెళ్లినోడు, గొర్రెలు కాసినోడు మనింటికి ఎప్పుడొచ్చినాడు? ఆళ్లని అడగకుండా ఎవులికీ అక్కర్లేదని ఎలా అనీగలం?"

"తిప్పుకో, ఎవరొద్దన్నారు?"

"నాకు సదువు రాదు కదా. తమరు కూడా రావాల."

జనం ఘొల్లున నవ్వారు. పంతులుకి రోషం వచ్చింది. కండువా భుజాన వేసుకున్నాడు. "పద!" అన్నాడు.

చూడండి ఆ వేడుక! ముందు దాలమ్మ, నెత్తిన బుట్ట. వెనక పంతులు, చెమటలు కక్కుకుంటూ.

"పొత్తమొచ్చిందమ్మా పొత్తం! మీకు అక్కరుందా?"

మొదటి వీధి. దాలమ్మని చూడగానే టపటపా తలుపులు పడ్డాయి. "పొద్దున్నే ఎదురొచ్చిందే!" అని లోపల గొణుగుడు. దాలమ్మ ఆగలేదు. మూసిన తలుపు ముందు నిలబడి, "సదవండి బాబూ," అంది. పంతులు ఒక పొత్తం విప్పి చదివాడు. గొర్రెకి నోరు పుండు పడితే ఏం చేయాలి, డెక్క చీరితే ఏ పసరు పోయాలి అని అందులో ఉంది. ఓ తలుపు ధడాలున తెరుచుకుంది. గొర్రెల బంగారయ్య తలపాగా చుట్టుకోవడం కూడా మరిచి బయటికి దూకాడు.

"ఆగండి పంతులుగారూ! ఆ పసరు మాట ఇంకోపాలి సెప్పండి! నా మంద సగం సచ్చేలాగుంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాసీసినారు దీన్ని?"

"దాచడమా? తలుపుకి గడియే లేదు కదయ్యా!"

"నా గొర్రెలు మీ గుమ్మం ఎక్కనిత్తారేటి?"

పంతులు ఆ పసరు మాట ఇంకోసారి చదివి, పొత్తం బంగారయ్య చేతిలో పెట్టాడు. ఒక పొత్తం బతికింది!

రెండో వీధి. తలుపులు మూసే ఉన్నాయి. దాలమ్మ ఇంకొకటి తీసి ఇచ్చింది. పంతులు గొంతు పెంచి చదివాడు: "కాళ్లు లేవు, కొండెక్కుతుంది. చేతులు లేవు, చెట్టుని కప్పుతుంది. ఎండని చూస్తే పారిపోతుంది. ఏమిటది?"

మూసిన తలుపు వెనక నుంచి చిన్న గొంతు: "మంచు!"

అంతే! ఆ తలుపు, ఈ తలుపు, ఆ పక్క తలుపు అన్నీ తెరుచుకుని పిల్లలు పొలోమంటూ బయటపడ్డారు. వాళ్లని పట్టుకుందామని తల్లులు పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లు ఉండిపోయారు. ఇంకోటి చదవమని ఒకరు, నేను చెప్తానని ఒకరు. దాలమ్మ ఎదురుగా ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. అలా బుట్టలోంచి ఒక్కొక్క పొత్తమే ఒక్కొక్క ఇంటిని వెతుక్కుంది.

మూడో వీధికి వచ్చేసరికి బుట్టలో ఒక్కటే మిగిలింది. వీరభూపతి పొగడ్తలు! ఆయన ఏనుగు గొప్పది, ఆయన మీసం గొప్పది, ఆయన గొడుగు గొప్పది. పంతులు చదివాడు, చదివాడు. ముసలాయన ఒకడు కునుకు తీశాడు. కుక్క లేచి వెళ్లిపోయింది.

"ఆయన మాకేటవుతాడు బాబూ?" అని ఒకావిడ అడిగింది.

"ఏమీ కాడమ్మా. పైగా ఈ పొగడ్తలే మన అరల్లో ఇంకో రెండు పొత్తాల్లో ఉన్నాయి," అన్నాడు పంతులు.

దాలమ్మ వీధి చివరిదాకా నడిచింది. ఒక్క గుమ్మం వదలలేదు. "మీకు అక్కరుందా? మీకు? మీకు?" ఎవరికీ లేదు.

వీధి చివర అరుగు మీద ఓ పండు ముసలమ్మ కూర్చుని ఉంది. "చెద తినీసిన పొత్తంలో ఏటుండేదే?" అని అడిగింది.

"జోలపాటలమ్మా. నానే సంపీసినాను," అంది దాలమ్మ.

ముసలమ్మ సన్నగా అందుకుంది: "ఏరు పడుకుంది, ఏటి ఒడ్డు పడుకుంది, ఎర్రావు దూడ పడుకుంది, నువ్వెప్పుడే పడుకుంటావు..."

పంతులు మొలలోంచి గంటం లాగాడు! ఆ వీధిలో ఒకామె ఇంకో పాట అందుకుంది. వెనక వీధిలో కొండ దిగువ నుంచి వచ్చిన కోడలు ఇంకోటి అందుకుంది. పోయిన పాటలన్నీ దొరికాయా? దొరకలేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను. సగమైనా దొరకలేదు. పోయినవి పోయాయి. దొరికినవాటితో ఓ పొత్తం అయింది.

పున్నమి పొద్దున ఊరంతా రేవులో నిలబడింది. వీరభూపతి పొత్తం దాలమ్మే తెచ్చింది. పసుపు నీళ్లు చల్లింది, కళ్లకద్దుకుంది, తన చేత్తోనే ఏట్లో వదిలింది. అది తేలుతూ తిరుగుతూ వెళ్లిపోయింది.

"ఏడుస్తావనుకున్నానే," అన్నాడు పంతులు.

"మూడు ఈదులూ తిప్పినాం బాబూ. గుమ్మం గుమ్మం అడిగినాం. అడక్కుండా పంపీసుంటే ఏడిసీదాన్ని. అడిగే కదా పంపినాం. దాన్ని సల్లగా ఎల్లనీండి."

పొత్తాలింటికి తిరిగి వచ్చారు. అరలో ఖాళీ ఉంది. కొత్త జోలపాటల పొత్తం సిద్ధంగా ఉంది. మరి కొత్త పొత్తానికి తొలి బొట్టు ఎవరు పెట్టాలి? పెదనాయుడి కోడలు పట్టుచీర కట్టుకుని ముందుకు వచ్చింది. ఎప్పుడూ ఆ ఇంటి ముత్తైదువే పెడుతుంది.

పంతులు కుంకుమ భరిణె తీశాడు. పట్టుచీరని దాటాడు. పెదనాయుడిని దాటాడు. తలుపు చాటున చీపురు పట్టుకుని నిలబడ్డ దాలమ్మ దగ్గర ఆగాడు.

"పెట్టవే దాలమ్మా."

పెదనాయుడు "పంతులూ!" అని గర్జించాడు.

"నాయుడుగారూ, ఈ ఇంట్లో పొత్తాలకి ఎవరూ లేనప్పుడు ఆమె ఉంది," అన్నాడు పంతులు. "తప్పు చేసింది. ఊరంతా తిరిగి దిద్దుకుంది. ఇన్నేళ్లూ గుమ్మంలో కూర్చుని ఎవరూ రావట్లేదని వాపోయిన నా తప్పు కూడా దిద్దింది. పెట్టవే తల్లీ."

దాలమ్మ వేలు వణికింది. "దొంగతనంగా ఎట్టినప్పుడు వణకలేదు బాబూ," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో పెదనాయుడి కోడలే ముందుకు వచ్చి దాలమ్మ చేతిలో చీపురు అందుకుంది. పట్టుచీర, చేతిలో చీపురు!

దాలమ్మ కుంకుమలో వేలు ముంచింది. "బోడి మొకం ఒద్దు తల్లీ," అంది. "ఇదిగో బొట్టు."

ఆ తర్వాత ఏటేటా దాలమ్మ బుట్ట ఎత్తుకుంది. తలుపులు పడలేదు. పైగా, ఇంకా రాలేదేమిటని వాకిట్లో ఎదురుచూసేవాళ్లు. ముసలిదయ్యింది, ఒక మాఘమాసంలో చదువుల తల్లి పిలిస్తే వెళ్లిపోయింది. ఆ ఏడు బుట్ట ఎత్తడానికి ఊళ్లో ఆడవాళ్లు పోటీ పడ్డారట!

ఇప్పుడు ఆ ఊళ్లో తాటాకులు లేవు, అచ్చు పుస్తకాలే. అయినా పాత పుస్తకం ఏదీ బుట్టలో మూడు వీధులూ తిరగకుండా బయటికి పోదు. కొత్త పుస్తకానికి తొలి బొట్టు, మొగుడు పోయిన ఆడపడుచు చేతిదే. పెళ్లిలో ముత్తైదువని పిలిచినట్టు ఆమెని మేళంతో పిలుచుకొస్తారు. ఇంట్లో ఎవరైనా పాత వస్తువు పారేయబోతే ముసలివాళ్లు ఇప్పటికీ అడుగుతారు: "దాలమ్మ బుట్ట తిరిగిందా?"

కథ బుట్టలో పెట్టాను, బుట్ట మీ నెత్తిన పెట్టాను. మూడు వీధులు తిప్పి, అక్కరున్నవాళ్లకి ఇచ్చి, అప్పుడు ఇంటికి పొండి!