జెయింట్ వీల్‌లో ఎదురు బరువు

ప్రశ్న అడిగినవాడికి కూర్చున్నచోటే జవాబు చెప్పే అలవాటు పరాంకుశంగారికి లేదు. "చెప్పులు వేసుకోవయ్యా" అనేవారు. ఇక ఎక్కడికో నడవాలని శిష్యుడికి అర్థమైపోయేది.

ఆ రోజు అడిగినవాడు నృసింహమూర్తి. పన్నెండేళ్లుగా ఆయన దగ్గర చదువుకుంటున్నాడు. మర్నాడు టౌనుహాలులో "భయాన్ని జయించడం" అనే విషయం మీద అతని మొట్టమొదటి ఉపన్యాసం. కరపత్రాలు పంచేశారు, మైకు కూడా మాట్లాడేశారు. గురువుగారి అనుమతి ఒక్కటే మిగిలింది. అది లేనిదే శిష్యుడు వేదిక ఎక్కకూడదన్నది అక్కడి కట్టుబాటు.

"గురువుగారూ, నేను అర్హుణ్ణేనంటారా?"

"చెప్పులు వేసుకోవయ్యా."

నడిచి నడిచి ఊరి చివర ఎగ్జిబిషన్‌కు చేరారు. అప్పటికింకా పొద్దు వాలలేదు. అక్కడ జెయింట్ వీల్ నడిపే మస్తాన్‌వలీ నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మీరు గమనించారో లేదో, ఆ చక్రంలో వచ్చినవాళ్లను వచ్చినట్టు వరసగా కూర్చోబెట్టరు. ఒక డబ్బాలో మనుషులు ఎక్కితే, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న డబ్బాలోనూ ఇంచుమించు అంత బరువు పడాలి. లేకపోతే చక్రం ఒకవైపే లాగుతుంది. అప్పటికే మిఠాయికొట్టు దంపతులు ఒక డబ్బా నిండా కూర్చుని పైన వేలాడుతున్నారు. కింద ఎదురు డబ్బాలోకి వచ్చింది మాత్రం వరహాలమ్మ అనే ముసలావిడ. పిడికెడు మనిషి.

"సామీ, మీ పక్కనాయన ఖాళీయేనా? బరువు కావాలి" అన్నాడు మస్తాన్‌వలీ.

"తీసుకో నాయనా. లోపల పన్నెండేళ్ల చదువుంది" అన్నారు పరాంకుశంగారు.

నృసింహమూర్తి చిన్నబుచ్చుకుంటూనే ఎక్కాడు. ఎక్కినవాడు ఊరుకోలేకపోయాడు. "చూడండమ్మా, ఇలాంటి వినోదాలకు పెద్ద చరిత్రే ఉంది. రష్యాలో చలికాలం చెక్కలతో కొండలు కట్టి, మీద మంచు గడ్డకట్టించి జారేవారు. ఇప్పటి రోలర్ కోస్టర్లకు మూలం అదే. ఇక షికాగోలో కట్టిన పెద్ద చక్రంలోనైతే ఒక్కో గదిలో అరవై మంది పట్టేవారు. అసలు భయం అనేది..."

చక్రం తిరిగి, వాళ్ల డబ్బా సరిగ్గా పైకి చేరాక ఆగింది. గాలికి ఊగింది. "భయం అనేది" తర్వాత రావలసిన మాట రాలేదు. మైదానమంతా వినబడేలా ఒక కేక మాత్రం వచ్చింది. చూసుకుంటే, వరహాలమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"మెల్లిగా నాయనా, గాజులు పగుల్తాయి" అందావిడ.

"మీకు... భయం లేదా అమ్మా?"

"ఎందుకు లేదూ? ఏడాదికోసారి భయపడదామనే కదా ఎక్కేది."

కిందికి రాగానే అతను లేచి దిగబోయాడు. "కూచోండి సామీ! మీరు దిగిపోతే పైనున్న మిఠాయికొట్టాయన ధబ్బున కిందికొస్తాడు. ఆళ్లకింకో చుట్టుంది" అంటూ మస్తాన్‌వలీ అడ్డకడ్డీ వేసేశాడు.

రెండో చుట్టులో రష్యా లేదు, షికాగో లేదు. "ఏం చెయ్యాలో చెప్పండమ్మా" అన్నాడు సన్నటి గొంతుతో.

"కళ్లు మూసుకోకు, మూస్తే ఇంకా ఎక్కువవుద్ది. కిందికి జారేటప్పుడు ఊపిరి వదిలెయ్. చెయ్యి మాత్రం వదలకు, నాకూ దడగానే ఉంది."

అతను చెప్పినట్టే చేశాడు. పైనుంచి జారుతుండగా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది కూడా.

దిగాక నేరుగా వెళ్లి గురువుగారి ముందు నిలబడ్డాడు. "నా కేక మీకు వినబడిందాండీ?"

"బఠాణీల బండివాడు పొట్లం జారవిడిచాడయ్యా."

నృసింహమూర్తి తల దించుకున్నాడు. "నేను అర్హుణ్ణి కానండి. రేపటి సభ వద్దని చెప్పేస్తాను."

పరాంకుశంగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "ఎందుకూ? వెళ్లి మాట్లాడు. కాకపోతే, రెండో చుట్టు నుంచి మొదలుపెట్టు."