తట్టు రెండోసారి ఎందుకు రాదు

ఒకప్పుడు, తట్టు ఒకే పిల్లకి ఏటా వచ్చిపోయే కాలంలో, ఒకరోజు మిట్టమధ్యాహ్నం. ఫాల్గుణ మాసం. పొడిగాలి, చిటపటలాడే ఎండ. ఆరేళ్ల నూకాలు ఒళ్లు కాలిపోతోంది. ఆ పిల్లకి తట్టు రావడం అది మూడోసారి.

నూకాలు ఎముకల లోపల మూలగమ్మ ఉంటుంది. నెత్తురులో తిరిగే తెల్లకణాలన్నీ ఆమె కన్న పిల్లలే. వాళ్లలో బొండం తిండిపోతు. ఏ క్రిమి కనబడినా గుటుక్కున మింగుతాడు. సీతాలు పనిమంతురాలు. మింగిన క్రిమి ముల్లొకటి బొండం తెచ్చి చూపిస్తే, దానికి సరిగ్గా పట్టే కొక్కేనికి అచ్చు చెక్కుతుంది. ఆ అచ్చులో లక్షల కొక్కేలు పోస్తుంది. చదువుకున్నవాళ్లు వాటినే ప్రతిరక్షకాలంటారు. కొక్కెం తగులుకున్న క్రిమి ఇక ఎటూ పోలేదు.

చిక్కల్లా ఒకటే. అచ్చు కుదరడానికి వారం పట్టేది. ఆ వారమూ పిల్ల ప్రాణం మీదికే.

మరి కిందటేటి అచ్చు ఏమైంది? పగలగొట్టేశారు. గెలిచిన రోజే అచ్చు పగలాలి. అది మూలగమ్మ పెట్టిన ఆచారం. శత్రువు ఆనవాలు ఇంట్లో ఉంటే అరిష్టమని ఆమె నమ్మకం.

ఈసారి నూకాలు నీళ్లు కూడా మింగలేకపోయింది. మూలగమ్మ పిల్లల్ని దండులు దండులుగా పంపింది. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే పోతున్నారు. సీతాలు తలెత్తకుండా చెక్కుతోంది. కొక్కేనికి ఇన్నాళ్లా, తేరు చెక్కుతున్నావా అని బొండం దెప్పాడు. ఏడోనాటికి కొక్కేలు నెత్తురులో బారులు తీరాయి. పిల్ల కళ్లు తెరిచింది.

మూలగమ్మ చెయ్యి చాచి అచ్చు అడిగింది. సీతాలు ఇవ్వలేదు.

"పగలాలి తల్లీ. ఆచారం."

"అరిష్టం గుర్తుంచుకుంటే రాదమ్మా, మరిచిపోతే వస్తుంది. రెండుసార్లు మరిచిపోయాం. ఎంతమంది తమ్ముళ్లు పోయారో నీకు తెలీదా?"

మూలగమ్మకి తెలుసు. పేరుపేరునా తెలుసు. చివరికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

సీతాలు ఆ అచ్చు ఒళ్లో పెట్టుకుని, నూకాలు చంకలో, జ్వరమొస్తే ఉబ్బే బిళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

మరుసటేడు తట్టు మళ్లీ ముక్కుదారినే వచ్చింది. వారం రోజులు నావే కదా, తొందరేముందని నింపాదిగా నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో, కొక్కేలు చుట్టేశాయి. ఇదేం మర్యాద అని అడగబోయింది. అడిగేలోపే బొండం నోట్లో ఉంది. బయట నూకాలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటోంది. ఒళ్లు వెచ్చబడనైనా లేదు.

ఆ కబురు ఒంటినుంచి ఒంటికి పాకింది. ప్రతి ఒంట్లోనూ ఒక సీతాలు అచ్చు దాచుకుంది. అప్పటినుంచే తట్టు ఒకసారి వచ్చిపోయినవాళ్ల జోలికి మళ్లీ రాదు.

తట్టు బొండం నోట్లో పడిన ఆ సాయంత్రం మూలగమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. బొండం వచ్చాడు, త్రేన్చుకుంటూ. వాడి వెనక తమ్ముళ్లందరూ వచ్చారు. సీతాలు రాలేదు, కాపలాలో ఉంది. మూలగమ్మ ఆమెని కూడా వచ్చినవాళ్లలోనే కలుపుకుంది.