సింగమ్మ అడిగిన ఉత్తర్వు

గిరిదుర్గం రాజ్యంలో పోతయ్య బుట్టలల్లుకుని బతికేవాడు. చేయని హత్య అతని మీద పడింది. కింది న్యాయస్థానం ఉరిశిక్ష వేసింది. భార్య సింగమ్మ మూడు రోజులు నడిచి రాజధాని చేరి, పెద్ద న్యాయస్థానంలో మొర పెట్టుకుంది.

అక్కడి ప్రధాన న్యాయాధికారి వామనభట్టుకు తాను నిబంధనల్లో అక్షరం కూడా తప్పనని మహా గర్వం.

"నీ మనవి స్వీకరించాం. విచారణ వచ్చే పౌర్ణమికి," అన్నాడాయన.

"ఉరి ఈ శుక్రవారమే కదా దొరా!"

"అది కింది న్యాయస్థానం తీర్పు. దాని దారి దానిది."

సింగమ్మ ఏడవలేదు.

"పౌర్ణమినాడు నా మొగుణ్ణి మీరేమైనా అడుగుతారా బాబూ?"

"తప్పకుండా! ముద్దాయి నోటిమాట వినకుండా ఈ న్యాయస్థానం ఏనాడూ తీర్పు చెప్పలేదు."

"అయితే తలారికి ఒక ఉత్తర్వు రాసివ్వండి. శుక్రవారం ఉరి తీసినా సరే, పౌర్ణమినాడు మాత్రం నా మొగుణ్ణి తెచ్చి మీ ముందు మాట్లాడించాలని."

వామనభట్టు గంటం అందుకున్నాడు. ఉరి ఆపమని తానే స్వయంగా ఉత్తర్వు రాశాడు.

విచారణలో పోతయ్య నోరు విప్పి చెప్పిన ఆనవాళ్లతో అసలు హంతకుడు దొరికాడు. పై విచారణ ముగిసేదాకా ఎవరినీ ఉరి తీయరాదని వామనభట్టు ఆరోజే కొత్త నిబంధన రాయించాడు. ఆపైన ఆసనం దిగివచ్చి సింగమ్మకు చేతులు జోడించాడు.

"ఇన్నేళ్లూ ఈ మాట అడిగేవాళ్లు లేక ఎందరు పోయారో తల్లీ!" అన్నాడు.