సున్నుండకొక చిలక

ఎర్రభూపతి మహారాజుకి కోరిక పుట్టడమే ఆలస్యం, తెల్లారేసరికి తీరిపోవాలి. ఆ ఏడు ఆయనకి కొలువుకూటంలో చాందినీ కట్టించాలని బుద్ధి పుట్టింది. అలాంటిలాంటి చాందినీ కాదు. కింద కూర్చుని తలెత్తితే మామిడితోటలో ఉన్నట్టుండాలి, కొమ్మకొమ్మకీ చిలకలుండాలి.

ఆ పని బట్టలమీద బొమ్మలద్దే అద్దకంసాలకి పెద్దయిన ఓబయ్యకి అప్పగించారు. వెదురుకలం పట్టి బట్టమీద బొమ్మ గీశాడంటే దానికి ప్రాణం వచ్చినట్టే. కాకపోతే నింపాది మనిషి. రోజుకి ఒక్క చిలక గీసేవాడు. దూరంగా వెళ్ళి చూసుకుని, మురిసిపోయి, మళ్ళీ వచ్చి కంట్లో చుక్క పెట్టేవాడు.

"ఇలాగైతే ఆ చాందినీ కింద నా మనవడు కూర్చుంటాడు! పని ఉరికించే ఉపాయం ఎవరి దగ్గరైనా ఉందా?" అన్నాడు రాజు.

మంత్రి భైరవామాత్యుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. "పనివాడికి పనిమీద ప్రేమేమిటి ప్రభూ, ఒట్టి బడాయి! చేతికేదైనా అందితేనే చెయ్యి కదులుతుంది. చిలకకొక నేతి సున్నుండ ప్రకటించండి. తర్వాత చూడండి నా తడాఖా!"

సభంతా చప్పట్లు కొట్టింది. అందరినీ నవ్వించే ఉద్యోగం చేసే తిప్పన్న ఒక్కడే నవ్వలేదు.

పదిహేను రోజులకల్లా చాందినీ నిండిపోయింది. నిండదూ మరి! అద్దకంసాలలో పన్నెండు మందీ చిలకలే గీశారు. కొమ్మ గీస్తే సున్నుండ రాదు కదా, ఇంకెందుకు గీస్తారు? తోకలేని చిలకలు, ఒంటికన్ను చిలకలు, దోమంతేసి చిలకలు. మామిడిచెట్టు మాత్రం మచ్చుకైనా లేదు.

రాజు తలెత్తి చూసి భగ్గుమన్నాడు. "ఇది తోటా, చిలకల సంతా?"

"నా ఉపాయంలో లోపం లేదు ప్రభూ. ఓబయ్య చేతకానితనం," అన్నాడు మంత్రి, కాస్తయినా తడబడకుండా.

ఇంకేముంది! వారంలోగా ఓబయ్య కలాలు సర్దుకుని ఊరు విడిచి పోవాలన్నాడు రాజు. ముప్పై ఏళ్ళ కొలువు ఒక్క మాటతో సరి!

తిప్పన్న అద్దకంసాలకి పరిగెత్తాడు. ఓబయ్య రంగు కుండల మధ్య తల దించుకుని కూర్చున్నాడు.

"నేనూ తిన్నానయ్యా తిప్పన్నా. అదే నాకు సిగ్గు. మొన్న చిలకకి కన్ను గీస్తూ చిలకని చూళ్ళేదు, పళ్ళెంవంక చూశాను." అంటూనే ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు తిప్పన్న కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, మంత్రిగారి ఉపాయం భేషైనదే. కానీ రాజ్యంలో ఒకరికి మాత్రం అన్యాయం జరిగింది. పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ మేఘాన్ని తోముతున్నాడు, పాపం. ఒక్క సున్నుండ ఇచ్చిన నాథుడు లేడు!"

మేఘం రాజుగారి నల్లగుర్రం. దాన్ని తోమేది స్వయానా రాజుగారే. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూండగానే నోట్లో నీళ్ళూరాయి. మంత్రి ఊరుకుంటాడా?

"రేపట్నించే ప్రభూ! పదిసార్లు రుద్దితే ఒక సున్నుండ. పళ్ళెం పట్టుకుని నేనే నిలబడతాను!"

"ఫలితం తేలేదాకా ఓబయ్యని ఉండనివ్వండి ప్రభూ," అన్నాడు తిప్పన్న. రాజు సరేనన్నాడు.

మొదటిరోజు బ్రహ్మాండంగా గడిచింది. ఎప్పుడూ గుర్రంతో కబుర్లాడుతూ తోమే రాజు ఆవేళ మాట్లాడలేదు. నోటినిండా సున్నుండ ఉంటే ఏం మాట్లాడతాడు? రెండోరోజు పీచు పట్టిన చెయ్యి జోరందుకుంది. చెయ్యి అందేది ఎడమ భుజం కాబట్టి అక్కడే రుద్దాడు. మూడోరోజుకి ఎడమ భుజం అద్దంలా మెరుస్తోంది. కుడిపక్క బురద కుడిపక్కే ఉంది, తోక చిక్కులు కట్టింది.

నాలుగోరోజు సున్నుండలు చెయ్యొద్దని తిప్పన్న వంటశాలలో ముందే చెప్పిపెట్టాడు. రాజు పదిసార్లు రుద్ది చెయ్యి చాపాడు. మంత్రి నీళ్ళు నమిలాడు.

"ఇవాళ చెయ్యలేదట ప్రభూ..."

రాజు పీచు కింద పడేశాడు. "అయితే రేపు తోముదాంలే."

తిప్పన్న ముందుకొచ్చి మెల్లగా అడిగాడు.

"ప్రభూ, ఈ పద్నాలుగేళ్ళూ దీన్ని మీచేత తోమించింది ఏ సున్నుండ?"

మేఘం అలవాటుగా రాజు భుజంమీద మూతి ఆనించింది. ఆయన చటుక్కున కుడిపక్కకి వెళ్ళి చూశాడు. బురద చూశాడు, తోక చూశాడు.

"అయ్యో నా తండ్రీ! నిన్ను చూసి మూడురోజులైందిరా!"

"ఓబయ్య కూడా ఇదే అన్నాడు ప్రభూ, తన చిలకల్ని తలుచుకుని," అన్నాడు తిప్పన్న.

రాజుకి ముందు కళ్ళు చెమర్చాయి, ఆపైన నవ్వు తన్నుకొచ్చింది. "ఓబయ్య ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. జీతం, బత్తెం వేళకి అందించండి. రోజుకొక చిలకే గీయనివ్వండి. పక్కన పళ్ళెం పట్టుకుని ఎవడైనా కనిపించాడో, ఊరుకోను! మంత్రిగారూ, తమరు ఆ తోక చిక్కులు తియ్యండి."

"ఎన్ని చిక్కులకొక సున్నుండ మంత్రిగారూ?" అన్నాడు తిప్పన్న.

గుర్రపుశాల గొల్లుమంది. రాజు నవ్వి నవ్వి, మెడలో ముత్యాలహారం తీసి తిప్పన్న మెడలో వేశాడు.

"వద్దు ప్రభూ! రేపట్నించి మిమ్మల్ని వదిలేసి హారంవంక చూస్తానేమో!"

"చూడవులేరా," అన్నాడు రాజు, కింద పడ్డ పీచు తీసుకుని మేఘం కుడిపక్కకి నడుస్తూ. "ఇస్తానని నీకు ముందు చెప్పలేదుగా!"